“దొరకలేదు” అను మాటకు అర్థమేమి?

(కోడ్ అన్వేషణ పరికరముల వివరణ పత్రములు: గుణదోష విచారణ)

రెవెన్యూ కచేరీ రికార్డు గదిలో ఒక పాత కాగితము కొరకు వెదకిన గుమాస్తా “దొరకలేదు” అని చెప్పినచో, ఆ మాటకు మూడు అర్థములు ఉండవచ్చును. ఆ కాగితము అసలే లేకపోవచ్చును. ఉన్నను, అతడు తెరచిన బీరువాలో లేకపోవచ్చును. లేదా అతడు ‘శ్రీకాకుళం’ అను పేరుతో వెదకుచుండగా, బ్రిటిషువారి కాలపు చిట్టాలో అది ‘చికాకోల్’ అను పేరుతో నమోదై ఉండవచ్చును. లోకానుభవము గల అర్జీదారు “ఏ బీరువాలు చూచితిరి? ఏ పేరుతో చూచితిరి?” అని తిరిగి అడుగును. వెదకువాడును యంత్రమై, వెదకించువాడును యంత్రమైనపుడు ఈ ప్రశ్నను ఎవరు అడుగవలెను? నేడు కంప్యూటరు రంగములో ఈ సమస్య ఎదురైనది. దీనికి పరిష్కారము చాలవరకు ఒక చిన్న కాగితముపై ఆధారపడి ఉన్నది. ఆ కాగితమే పరికరముతో వచ్చు వివరణ పత్రము.

ఏజెంటు, పరికరము, పత్రము

పెద్ద ప్రోగ్రాములో వేలకొలది ఫైళ్లు, లక్షలకొలది పంక్తులు ఉండును. ఒక పేరు ఎక్కడెక్కడ వాడబడినదో కంటితో చూచి చెప్పుట అసాధ్యము. ఈ పనికి ఏర్పడినవే కోడ్ అన్వేషణ పరికరములు. వీటిలో ప్రసిద్ధమైన ‘గ్రెప్’ను 1973లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ రచించెను. నాటినుండి సుమారు నలుబది సంవత్సరములకు పైగా ఈ పరికరములను వాడినవారు మనుష్యులే. పరికరము చెప్పనిది వారు అనుభవముచే గ్రహించిరి. తోటివారిని అడిగి తెలిసికొనిరి.

ఇప్పుడు పరిస్థితి మారినది. కృత్రిమ మేధా ఏజెంటు అనబడు ప్రోగ్రాము ఒక కార్యమును స్వీకరించి, తానే పరికరములను పిలిచి, ఫలితములను చదివి, తరువాతి అడుగును తానే నిర్ణయించుకొనును. ఇది గ్రెప్ వంటి ప్రసిద్ధ పరికరములను గూర్చి శిక్షణకాలములో ఎంతో చదివియే ఉండును. కాని క్రొత్త పరికరమును గూర్చి దానికి తెలిసినది తన ముందుంచిన వివరణ మాత్రమే. ప్రక్కబల్లవద్దనున్న మిత్రుని అడుగుటకు వీలులేదు. పైగా ఏజెంటు ఒకేసారి మనసులో ఉంచుకొనగల పాఠ్యమునకు పరిమితి గలదు. ఆ పాఠ్యమును ‘టోకెను’లు అను ముక్కలుగా లెక్కింతురు. కావున వివరణ పత్రము చిన్నదిగాను ఉండవలెను, చాలినదిగాను ఉండవలెను. ఈ రెండు గుణములు ఒకచోట కూడుట సులభము కాదు.

గిడుగువారి గ్రంథముల పాఠము

తెలియనివానికొరకు వ్రాయుట ఎట్లో నేర్చుకొనుటకు ఉత్తరాంధ్రమువారు దూరము పోవలసిన పనిలేదు. శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి పంతులు, లిపి లేని సవర భాషను సవరలవద్దనే నేర్చుకొని రెండు గ్రంథములను సిద్ధపరచెను. 1931లో సవర భాషకు కరదీపిక వెలువడినది. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినది. నిఘంటువు మాటను వెదకు సాధనము. కరదీపిక ఆ భాష నడచు తీరును బోధించునది. మొదటిది లేక రెండవదానితో మాట దొరకదు. రెండవది లేక మొదటిదానిలో దొరకిన మాటను ఎట్లు వాడవలెనో తెలియదు.

కొండ ఎక్కి సవరల గూడెమునకు క్రొత్తగా పోవు ఉపాధ్యాయుని స్థితియే నేటి ఏజెంటు స్థితి. అతనికి పదముల పట్టిక ఒక్కటే ఇచ్చి పంపినచో తప్పులు చేయును. అవి తప్పులని తెలియక ధైర్యముగా మాటలాడును. అన్వేషణ పరికరమును రచించువారు పలువురు నిఘంటువును ఇచ్చి, కరదీపికను మరచుచున్నారు.

పరీక్షించుటకు ఐదు ప్రశ్నలు

వివరణ పత్రము బాగున్నది, బాగులేదు అని రుచిని బట్టి చెప్పుట విమర్శ కాదు. ఏజెంటుకు ఉపయోగించు పత్రమును ఈ ఐదు ప్రశ్నలతో పరీక్షించుట సమంజసము.

1. పరిధి: పరికరము ఏ ఫైళ్లను చూచును, వేటిని చూడక విడిచిపెట్టును?

2. శూన్యఫలితము: ఏమియు దొరకనపుడు అది లేకపోవుటచేతనా, చూడకపోవుటచేతనా, పరికరము మధ్యలో చెడుటచేతనా అను భేదము తెలియునా?

3. పోలిక నియమము: పెద్ద చిన్న అక్షరములు, మాట సరిహద్దులు, ఇంగ్లీషు గాని లిపులు — వీటిని ఎట్లు లెక్కించునో చెప్పినదా?

4. మితి: ఫలితములు ఎక్కువైనచో ఎన్నింటిని చూపును? మిగిలినవి దాచబడినవని చెప్పునా?

5. ఉదాహరణములు: ఒప్పు ప్రయోగముతోపాటు తప్పు ప్రయోగమును, దాని ఫలితమును చూపినదా?

వీటిలో రెండవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యమైనది. దొరకిన ఫలితము తప్పైనచో ఏజెంటు దానిని చదువునపుడైనను తప్పు బయటపడవచ్చును. దొరకని ఫలితమును చదువుటకు అవకాశమే లేదు. ఒక ఉపప్రోగ్రామును ఎవరును వాడుటలేదని భ్రమించి దానిని ఏజెంటు తొలగించినచో, ఆ తప్పు ఎన్నడో ఎక్కడో బయటపడును.

గ్రెప్: పాత పత్రముల నిజాయితీ

యూనిక్స్ వ్యవస్థ మొదటి వాడుక గ్రంథము 1971 నవంబరు 3వ తేదీని వెలువడినది. అందు ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క పుట చొప్పున కేటాయించి, పేరు, వాడు పద్ధతి, వివరణ ఇచ్చి, అనేక పుటల చివర ‘దోషములు’ అను శీర్షిక ఉంచిరి. తన వస్తువు లోపములను తానే అచ్చువేయించుట వర్తకములో అరుదు, శాస్త్రములో ఆవశ్యకము. గ్రెప్ పత్రము ఆ సంప్రదాయములో పుట్టినదే.

శూన్యఫలితము విషయమున నేటి గ్నూ గ్రెప్ పత్రము మెచ్చదగినది. పంక్తి దొరకినచో 0, దొరకనిచో 1, పొరపాటు జరిగినచో 2 అను సంఖ్యను పరికరము తిరిగి ఇచ్చునని స్పష్టముగా వ్రాసియున్నది. “లేదు” అను మాటను, “చూడలేకపోతిని” అను మాటను మూడు అంకెలతో వేరుచేసినది. ఏజెంటుకు ఇంతకంటె ఉపకారమైన వాక్యము ఆ పత్రమంతటిలో మరియొకటి లేదు.

కాని ఆ పత్రమునకు లోపమును గలదు. అది తెలిసినవారు మరచినదానిని జ్ఞాపకము చేసికొనుటకు వ్రాసినది. తెలియనివారు నేర్చుకొనుటకు వ్రాసినది కాదు. మాట అనగా అక్షరములు, అంకెలు, అడుగుగీత వీటితో ఏర్పడునది అని అందు నిర్వచించిరి. తెలుగు గుణింతపు గుర్తు ఈ లెక్కలో అక్షరమగునా, కాదా? ఆ వాక్యములో సమాధానము లేదు.

రిప్‌గ్రెప్: చూడనిదానిని ముందే చెప్పుట

2016లో ఆండ్రూ గాలంట్ ప్రకటించిన రిప్‌గ్రెప్ అతివేగమైన పరికరము. విజువల్ స్టూడియో కోడ్ అను ప్రసిద్ధ సంపాదక ప్రోగ్రాములో అన్వేషణ దీనితోనే జరుగుచున్నది. పలు ఏజెంట్లకు కూడ ఇదే చేతికర్ర. దీని వేగమునకు ఒక కారణము, అనవసరమని తోచినదానిని అది చూడకపోవుటయే. మినహాయింపు జాబితాలోని ఫైళ్లను, దాగిన ఫైళ్లను, పాఠ్యము కాని ద్విసంఖ్యా ఫైళ్లను మామూలుగా విడిచిపెట్టును.

మనుష్యునికి ఇది సౌకర్యము. పత్రము చదువని ఏజెంటుకు ఇది గోతి. అయితే రిప్‌గ్రెప్ మార్గదర్శిని ఈ విషయమును మూలన దాచలేదు. స్వయంచాలక వడపోత అను పేరుతో ప్రత్యేక ప్రకరణము వ్రాసి, ఏమేమి వడకట్టబడునో వరుసగా చెప్పి, ఒక్కొక్క వడపోతను తొలగించుటకు ‘యు’ అను గుర్తును ఒకమారు, రెండుమార్లు, మూడుమార్లు ఇచ్చు పద్ధతిని బోధించినది. పరిధి అను మొదటి ప్రశ్నకు ఇట్టి సమాధానము ఇచ్చిన పత్రములు తక్కువ. ఇందలి గుణము నిడివి కాదు. చదువరికి ఏది ఆశ్చర్యము కలిగించునో ఊహించి దానినే ముందుగా చెప్పుట.

గిట్‌హబ్: పరిమితులున్న పుట, వాడుకయున్న పుట

గిట్‌హబ్ సంస్థ క్రొత్త కోడ్ అన్వేషణను 2023 మే నెలలో అందరికిని అందుబాటులోనికి తెచ్చినది. ఇది ఫైళ్లను అప్పటికప్పుడు చదువదు. ముందే కూర్చిన సూచిని చూచి చెప్పును. సూచిలో చేరనిది లోకములో లేనట్లే. దీని పత్రము పరిమితులను దాచలేదు. ప్రధాన శాఖలోని కోడ్ మాత్రమే సూచిలో చేరుననియు, 350 కిబిబైట్లకు మించిన ఫైళ్లు చేరవనియు, చూపు ఫలితములకు 100 అను హద్దు ఉన్నదనియు చెప్పినది.

విమర్శింపదగినది ఆ మాటలు ఉన్న స్థలము. పరిమితులు పరిచయ పుటలో ఉన్నవి. ప్రశ్నను ఎట్లు వ్రాయవలెనో చెప్పు వ్యాకరణము వేరొక పుటలో ఉన్నది. మనుష్యుడు రెండును చదువవచ్చును. టోకెనులను పొదుపు చేయవలసిన ఏజెంటు వ్యాకరణ పుటను మాత్రమే తెరచి, పని ముగించుకొని పోవును. మందుసీసాపై మోతాదు వ్రాసి, పథ్యమును వేరొక కాగితముపై వ్రాసినట్లు ఉన్నది ఈ ఏర్పాటు.

ఇదే సంస్థ ప్రోగ్రాములకొరకు ఏర్పరచిన మార్గములో ఒక మంచి పద్ధతి గలదు. అన్వేషణ కాలపరిమితిలో పూర్తికానిచో, ఫలితముతోపాటు “ఇవి అసంపూర్ణ ఫలితములు” అని తెలుపు గడి ఒకటి వచ్చును. పత్రమును చదువనివాడుకూడ జవాబును చదువక తప్పదు గదా! జవాబులోనే హెచ్చరికను ఉంచుట ఉత్తమమైన వివరణ.

శ్రీకాకుళం అను మాటతో ఒక పరీక్ష

ఇప్పుడు మూడవ ప్రశ్నను, అనగా పోలిక నియమమును, తెలుగు మాటలతోనే పరీక్షింపవచ్చును. ఏజెంట్లు తరచుగా పైథాన్ భాషలో చిన్న ప్రోగ్రాములు వ్రాసికొని వాటితో వెదకును. పైథాన్ పత్రములో మాటను ఏర్పరచు వర్ణములను గూర్చి ఉన్న నియమము ఇది: యూనికోడ్‌లో అక్షరములు లేక అంకెలు అయినవి, అడుగుగీత. ఈ వాక్యములో అసత్యము లేదు. అయినను దీనిని తెలుగునకు అన్వయించినపుడు ఏమి జరుగునో చూడుడు.

యూనికోడ్‌లో ‘శ్రీకాకుళం’ అను మాట పది సంకేతముల వరుస: శ, పొల్లు, ర, గుడిదీర్ఘము, క, దీర్ఘము, క, కొమ్ము, ళ, సున్న. ఒక్కొక్కటికి మూడు బైట్ల చొప్పున యూటీఎఫ్-8 పద్ధతిలో ఇది 30 బైట్లు. వీటిలో శ, ర, క, క, ళ ఈ ఐదును అక్షరములు. పొల్లు, గుడిదీర్ఘము, దీర్ఘము, కొమ్ము, సున్న ఈ ఐదును యూనికోడ్ వర్గీకరణలో ‘గుర్తులు’. పైథాన్ నియమమున గుర్తు అక్షరము కాదు. కనుక మాటలుగా విడదీయుమన్నచో ‘శ్రీకాకుళం’ ఐదు ముక్కలగును. ‘విజయనగరం’ రెండు ముక్కలగును: ‘వ’, ‘జయనగర’.

మరియొక ప్రమాదము దీనికంటె పెద్దది. “శ్రీకాకుళం అను పూర్తి మాటను మాత్రమే వెదకుము” అని సరిహద్దు గుర్తులతో అడిగినచో, “శ్రీకాకుళం జిల్లా” అను పంక్తి దొరకదు! మాట చివరనున్న సున్న అక్షరము కాదు. దాని తరువాతి ఖాళీయును అక్షరము కాదు. రెండింటి నడుమ సరిహద్దు లేదని ప్రోగ్రాము తలచును. విచిత్రమేమనగా, “శ్రీకాకుళంలో” అను మాట మాత్రము దొరకును. సున్న తరువాత ‘ల’ అను అక్షరము వచ్చినది గదా! దొరకవలసినది దొరకక, దొరకరానిది దొరకినది. ‘శ్రీకాకుళము’ అని వ్రాసినను చివర కొమ్ము ఉండుటచే ఒంటిగా నిలిచిన మాట దొరకదు.

రిప్‌గ్రెప్ ఆధారపడిన రస్ట్ భాషా గ్రంథాలయములో నియమము వేరు. అచట గుర్తులను కూడ మాటలో భాగముగా లెక్కింతురు. ఆ సంగతిని దాని యూనికోడ్ పత్రములో వర్గముల పేర్లతో సహా వ్రాసిరి. కనుక అచట “శ్రీకాకుళం జిల్లా” దొరకును, “శ్రీకాకుళంలో” దొరకదు. ఒకే ప్రశ్నకు రెండు పరికరములు సరిగా తలక్రిందులైన జవాబులు ఇచ్చుచున్నవి.

ఇది ఏదో ఒక మాటకు పట్టిన దోషము కాదు. తెలుగు అజంత భాష. మాటలలో అధికభాగము అచ్చుతోనో సున్నతోనో ముగియును. ఆ అచ్చు ‘అ’ కానిచో దానికి గుణింతపు గుర్తు ఉండును. పాలకొండ, నరసన్నపేట, మందస, ఆమదాలవలస వంటి పేర్లు ‘అ’తో ముగియుటచే పైథాన్ పరీక్షలో నెగ్గును. బొబ్బిలి, టెక్కలి, చీపురుపల్లి, రాజాం, పార్వతీపురం, ఇచ్ఛాపురం నెగ్గవు. పాలకొండతో ప్రయత్నించి “పరికరము తెలుగులో బాగుగనే పనిచేయుచున్నది” అని తీర్మానించిన ఏజెంటు బొబ్బిలివద్ద మోసపోవును.

దీనివలన కలుగు నష్టము

2022 ఏప్రిల్ 4వ తేదీని ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు పునర్విభజింపబడినవి. అంతవరకు శ్రీకాకుళం జిల్లాలోనున్న పాలకొండయు, విజయనగరం జిల్లాలోనున్న పార్వతీపురమును క్రొత్తదగు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి; రాజాం శ్రీకాకుళం జిల్లానుండి విజయనగరం జిల్లాకు మారినది. పాఠశాలలలో ధ్రువపత్రములను అచ్చువేయు ప్రోగ్రాము ఒకటి ఉన్నదని ఊహింతము. జిల్లా పేరు అందు ఒకచోట ఇంగ్లీషులో, ఒకచోట సంఖ్యగా, అచ్చుకు పోవు చోట తెలుగులో ఉండును. ఇంగ్లీషులోను విజయనగరమునకు వర్ణక్రమము ఒకటి కాదు. క్రికెట్ చరిత్రలో ‘విజ్జీ’గా పేరొందిన మహారాజకుమారుని బిరుదులో ‘జి’, ‘ఆర్’ల నడుమ ‘ఏ’ లేదు, నేటి జిల్లా పేరులో ఉన్నది.

“జిల్లా పేర్లను సవరింపుము” అని ఏజెంటును ఆజ్ఞాపించినారు. అది ఇంగ్లీషు పేర్లను వెదకి మార్చినది, తెలుగులో పూర్తిమాటగా వెదకినది, ఏమియు దొరకలేదు, “సవరణ పూర్తియైనది” అని నివేదించినది. పని బాగుగనే జరిగినట్లు కనబడును. కాని రాజాం విద్యార్థి చేతికి పాత జిల్లా పేరుతో కాగితము వచ్చును. దానిని సరిచేయించుకొనుటకు ఆ విద్యార్థి తండ్రి ఒక దినము కూలి మానుకొని కచేరీకి పోవలెను. “గుణింతపు గుర్తులు మాటలో చేరవు” అను ఒక్క వాక్యము ఉదాహరణముతో పత్రములో ఉండినచో ఈ శ్రమ తప్పియుండును.

ఏజెంటుకొరకే వ్రాసిన వివరణలు

2024 నవంబరులో ఆంథ్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను ఒడంబడికను ప్రకటించినది. దాని ప్రకారము ప్రతి పరికరమునకు ఒక పేరు, ఒక వివరణ, స్వీకరించు విషయముల నమూనా ఉండును. ఏజెంటు చదువునది ఇదే. ఇట్టి ఏర్పాటు మంచిదే. కాని వివరణ గడిలో “కోడ్‌ను వెదకును” అని రెండు మాటలు వ్రాసి ఊరకుండినను ఒడంబడిక ఆక్షేపింపదు. గడి ఉన్నంతమాత్రమున వివరణ ఉన్నట్లు కాదు.

అదే సంస్థ 2024 డిసెంబరులో ప్రకటించిన అనుభవము ఇచట గమనింపదగినది. ఏజెంటు మూల ఫోల్డరునుండి వేరొకచోటికి పోయిన తరువాత, ఫైళ్లను సగము చిరునామాతో పిలిచి తప్పులు చేయుచుండెనట. పరికరము పూర్తి చిరునామాను మాత్రమే స్వీకరించునట్లు మార్చిన వెంటనే ఆ తప్పులు తొలగినవి. హెచ్చరికలతో పత్రమును నింపుటకంటె, తప్పు చేయుటకు వీలులేకుండ పరికరమును మలచుట మేలు అని దీనివలన తెలియుచున్నది. కొన్ని సందర్భములలో పత్రములోని పొడవైన వాక్యము పరికరములోని లోపమునకు గుర్తు.

అన్వేషణ ఫలితములను చూపు తీరు ఎంత ముఖ్యమో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమువారు 2024లో ఎస్‌డబ్ల్యుఇ-ఏజెంట్ అను ప్రయత్నములో కొలిచి చూపిరి. నిజమైన ప్రోగ్రాములనుండి తీసిన 300 సమస్యలపై వారు మూడు ఏర్పాట్లను పోల్చిరి. ఫలితములను సంక్షిప్తముగా ఒక్కసారి చూపినపుడు ఏజెంటు నూటికి 18 సమస్యలను పరిష్కరించినది. అసలు ప్రత్యేక అన్వేషణ పరికరము ఇయ్యనపుడు నూటికి 15.7. ఫలితములను ఒక్కొక్కటిగా త్రిప్పి చూచుకొనుమన్నపుడు నూటికి 12 మాత్రమే! తగని తీరులో ఇచ్చిన పరికరము, పరికరము లేకుండుటకంటె హీనమైనది. వారి పద్ధతిలో ఫలితములు 50కి మించినచో, వాటిని కుప్పవోయక, ప్రశ్నను ఇంకను నిర్దిష్టముగా వ్రాయుమని పరికరమే ఏజెంటుకు చెప్పును. మితి అను నాలుగవ ప్రశ్నకు ఇది చక్కని సమాధానము.

గుణమును కొలుచుట ఎట్లు?

పత్రము చదువ సొంపుగా ఉన్నదా అని చూచుట చాలదు. ఒకే ఏజెంటుకు ఒకే కార్యములను మూడు విధములుగా ఇచ్చి చూడవలెను: పత్రము లేకుండ, పత్రముతో, పత్రములో ఒక ముఖ్యవాక్యమును తీసివేసి. ఏజెంటు జవాబులు ఒకమారువలె మరియొకమారు ఉండవు గనుక ప్రతి కార్యమును పలుమార్లు చేయించి లెక్క తీయవలెను. కార్యములలో “ఇది నిజముగనే లేదు” అనునది సరియైన జవాబగునవి కొన్ని, “ఈ పరికరముతో చెప్పుటకు వీలులేదు” అనునది సరియైన జవాబగునవి కొన్ని తప్పక ఉండవలెను. ఇట్టివి లేని పరీక్ష, ఒప్పు జవాబులున్న ప్రశ్నలనే అడుగు పరీక్షాధికారి వంటిది. తుదకు లెక్కింపవలసినవి మూడు: తప్పుగా “లేదు” అన్న పర్యాయములు, మరల మరల వెదకిన పర్యాయములు, ఖర్చయిన టోకెనులు.

ఈ పద్ధతిని ఉన్నత పాఠశాలలో కంప్యూటరు లేకయే అభ్యసింపవచ్చును. గ్రంథాలయపు పుస్తకముల పట్టికను ఒక విద్యార్థి చేతికిచ్చి ‘పరికరము’ అనవలెను. పుస్తకము పేరును అక్షరము పొల్లుపోకుండ చెప్పిననే అతడు జవాబు చెప్పును. 1 నుండి 200 వరకు గల పుస్తకములనే చూచును. రెండవ విద్యార్థి ‘ఏజెంటు’. అతడు పట్టికను చూడరాదు. మూడవ విద్యార్థి వారిద్దరి నడుమ వివరణ పత్రమును ఐదు వాక్యములకు మించకుండ వ్రాయవలెను. ఒక గంటలో పిల్లలకు తెలియును: ఏ వాక్యము ప్రాణము వంటిదో, ఏ వాక్యము అలంకారమో. పదవ తరగతి ముగించి ఎచ్చెర్లలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు పోవు గ్రామీణ విద్యార్థులకు ఈ అభ్యాసము మంచి పునాది కాగలదు.

ఒక ఆక్షేపణ

“ఏజెంట్లు నానాటికి తెలివి మీరుచున్నవి, పత్రము కొరతగా ఉన్నను అవి ప్రయత్నించి తెలిసికొనగలవు, ఇంత శ్రమ ఎందుకు?” అని కొందరు అనవచ్చును. ఇందు కొంత నిజము గలదు. పరికరము పొరపాటును ప్రకటించినపుడు ఏజెంటు దిద్దుకొనును. కాని పైన చూచిన శ్రీకాకుళం ఉదాహరణములో పొరపాటు ఏదియు ప్రకటింపబడలేదు. పరికరము తన నియమము ప్రకారము ఒప్పుగనే పనిచేసినది, మౌనము వహించినది. మౌనమును ఎంత తెలివిగలవాడైనను రెండు విధములుగా అర్థము చేసికొనవచ్చును. తెలివి పెరిగినకొలది ఆ అర్థమును సమర్థించు నేర్పు పెరుగునే గాని, చూడని ఫైలు కనబడదు.

తీర్పు

పరిశీలించిన పత్రములలో పరిధిని చెప్పుటలో రిప్‌గ్రెప్ మొదటిది. శూన్యఫలితమును విడమరచుటలో గ్రెప్ మూడు అంకెలు నేటికిని ఆదర్శము. గిట్‌హబ్ పత్రము సత్యము చెప్పినది గాని, చెప్పవలసిన చోట చెప్పలేదు. పైథాన్ పత్రము ఒప్పు నియమమును ఇచ్చినది. దాని పర్యవసానమును మాత్రము ఆసియా ఖండపు లిపులలో వ్రాయువారి ఊహకు వదలినది. ఏజెంట్లకొరకే వ్రాయబడు చిన్న వివరణలకు ఒడంబడిక గడిని ఇచ్చినది గాని గుణమును ఇయ్యలేదు. అది వ్రాయువారి బాధ్యతగా మిగిలినది.

ఈ లోపమును దిద్దుటకు ఎవరి అనుమతియు అవసరము లేదు. గ్రెప్, రిప్‌గ్రెప్, పైథాన్ ఇవి మూడును బహిరంగ ప్రోగ్రాములు. వాటి పత్రములకు ఎవరైనను సవరణలు ప్రతిపాదింపవచ్చును. ‘బొబ్బిలి’ అను మాటతో ఒక ఉదాహరణము, దాని ఫలితము, రెండు వాక్యముల వివరణ: ఇంతమాత్రము వ్రాయుటకు తెలుగు చదువను వ్రాయను వచ్చి, కొంచెము ఓపిక గల విద్యార్థి చాలును. ఆ వాక్యములను ఏ దేశపు ఏజెంటు చదివినను, తెలుగులో “దొరకలేదు” అని చెప్పుటకు ముందు మరియొకమారు వెదకుటకు కారణము ఉండును.